ఏ తరగతికి ఏం రావాలి? మార్కులకన్నా ముందు చూడాల్సిన మెట్లు

ప్రశ్న: మా బాబు రెండో తరగతి పూర్తిచేసి మూడులోకి వెళ్తున్నాడు. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ చదవని పాఠం ఏదైనా ఇస్తే తడబడతాడు, తీసివేతల్లో తప్పులు చేస్తాడు. ఒకటి నుంచి ఐదు వరకు ఏ తరగతిలో పిల్లలకు ఏం రావాలో వివరంగా చెప్పగలరా? ఇప్పటి నుంచే ఒలింపియాడ్ కోచింగ్, కోడింగ్ క్లాసులు పెట్టిస్తే మంచి కెరీర్‌కు పునాది పడుతుందా?
- ఒక తల్లి

జవాబు: మీరు గమనించిన ఆ రెండు విషయాలు మార్కుల జాబితాకన్నా విలువైనవి. క్లాసులో పదిసార్లు చెప్పించిన పాఠమే పరీక్షలో వస్తే జ్ఞాపకంతో మార్కులు వచ్చేస్తాయి. కొత్త పాఠం చదివించినప్పుడు, కొత్త లెక్క ఇచ్చినప్పుడే పిల్లవాడికి నిజంగా ఎంత వచ్చో తెలుస్తుంది. కాబట్టి ఒక్కో తరగతిలో ఏం రావాలో, వచ్చిందో లేదో ఇంట్లో ఎలా చూడాలో చెబుతాను. సిలబస్‌ను బట్టి కొన్ని అంశాలు ఒక ఏడాది అటూ ఇటూ అవుతాయి. వాటి వరస మాత్రం దాదాపు అంతటా ఇదే.

ఒకటో తరగతిలో రావాల్సినవి తక్కువే, కానీ గట్టిగా రావాలి. అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధం, గుణింతాలు, ఒత్తులు లేని పదాలు, ఏడాది చివరికి మూడు నాలుగు పదాల వాక్యం సొంతంగా చదవడం. లెక్కల్లో 20 లోపు కూడికలు, తీసివేతలు, 100 వరకు అంకెలు. ఇక్కడ పెద్దలు ఎక్కువగా మోసపోయేది ఒకటుంది. 1 నుంచి 100 వరకు గడగడా అప్పజెప్పే పిల్లవాడిని పూసల కుప్పలోంచి 14 తీసి ఇమ్మనండి. కొందరు 12 దగ్గర ఆగుతారు, కొందరు ఒకే పూసను రెండుసార్లు లెక్కపెడతారు. అంటే అంకెల పాట వచ్చింది, లెక్కపెట్టడం రాలేదు. ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో ఇంకో చిక్కు కనిపిస్తుంది. పదమూడు అన్నప్పుడు పది ముందు వినిపిస్తుంది. థర్టీన్ అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది. దాంతో 13కు బదులు 31 రాస్తారు. అలాంటప్పుడు అంకెను రెండు భాషల్లోనూ పలికించి, పది పుల్లల కట్ట ఒకటి, విడి పుల్లలు మూడు ముందు పెట్టి రాయించండి.

రెండో తరగతిలో చదువు అసలైన మలుపు తీసుకుంటుంది. చదవడంలో ఒత్తులు, సంయుక్తాక్షరాలు వస్తాయి, పది పదిహేను వాక్యాల చిన్న కథ చదవాలి, చూసినదాని గురించి నాలుగైదు వాక్యాలు సొంతంగా రాయాలి. లెక్కల్లో రెండంకెల స్థాన విలువ, చేతిలో ఉంచుకునే కూడికలు, అప్పు తెచ్చుకునే తీసివేతలు, రెళ్లు, ఐదులు, పదులు చొప్పున దాటుతూ లెక్కపెట్టడం. మీ బాబు చేస్తున్న తప్పు బహుశా ఇక్కడిదే. అతనికి 52 - 27 ఇచ్చి చూడండి. జవాబు 35 అని రాస్తే, ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి 7 లోంచి 2 తీశాడన్నమాట. ఇది అజాగ్రత్త కాదు. ఏ రెండు అంకెలిచ్చినా పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని అతను సొంతంగా ఒక నియమం తయారు చేసుకున్నాడు. మళ్లీ మళ్లీ అవే లెక్కలు రాయిస్తే ఆ తప్పు నియమమే బలపడుతుంది.

దీనికి మందు పుల్లలు. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు పెట్టండి. 27 తీసి ఇవ్వమనండి. ఏడు విడి పుల్లలు లేవని వాడే అంటాడు. ఒక కట్ట విప్పమనండి. ఇప్పుడు విడివి 12, కట్టలు నాలుగు. 12 లోంచి 7 తీస్తే 5, నాలుగు కట్టల్లోంచి రెండు తీస్తే రెండు. మిగిలింది 25. మొదటి మూడు నాలుగు రోజులు పుల్లలతోనే చేయించండి, కాగితం వద్దు. తర్వాత పుల్లలతో చేస్తూ పక్కనే రాయించండి, కట్ట విప్పిన ప్రతిసారీ 5 కొట్టేసి 4, 2 కొట్టేసి 12 రాయాలి. ఆ తర్వాతే ఉత్త కాగితం మీద చేయించండి. రోజుకు పది నిమిషాలు, నాలుగైదు లెక్కలు చాలు. చివర్లో 60 - 24, 40 - 7 లాంటివి తప్పకుండా ఇవ్వండి. సున్నా ఉన్నచోట పాత అలవాటు మళ్లీ తొంగిచూస్తుంది. కూడికల్లోనూ ఇలాంటి తప్పే జరుగుతుంది. 38 + 45 కు 713 అని రాసే పిల్లలకు కావాల్సిందీ ఈ కట్టలే. విడివి 13 అయ్యాయి కాబట్టి పదింటిని కొత్త కట్టగా కట్టమనండి.

ఇక మూడో తరగతి. కెరీర్ కోణంలో చూస్తే ప్రాథమిక స్థాయిలో నేను ఎక్కువ బరువు ఇచ్చే తరగతి ఇది. హార్వర్డ్ ప్రొఫెసర్ జీన్ చాల్ 1983లో చదువు దశల గురించి రాస్తూ, దాదాపు మూడో తరగతి వరకు పిల్లలు చదవడం నేర్చుకుంటారని, నాలుగు నుంచి చదివి నేర్చుకుంటారని విడదీసి చెప్పారు. అక్షరాలు కూడబలుక్కునే స్థితిలోనే నాలుగులోకి వెళ్లిన పిల్లవాడికి సైన్స్, సోషల్, లెక్కల్లో మాటలతో ఇచ్చే సమస్యలు అన్నీ ఒకేసారి కష్టమవుతాయి. అక్కడి నుంచి వాడు వెనకబడేది ఒక్క భాషలో కాదు, అన్నిట్లోనూ.

కాబట్టి ముందు చదవడం పరీక్షించండి. పాఠ్యపుస్తకంలో లేని, అతని తరగతి స్థాయి కథ నుంచి సుమారు 100 పదాల భాగం తీసుకోండి. పైకి చదివించి, ఎన్ని పదాలు తప్పు చదివాడో, ఎన్ని వదిలేశాడో గుర్తుపెట్టుకోండి. ఐదులోపు తప్పులుంటే ఆ స్థాయి సరిపోయినట్టే. పది దాటితే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం, ఒక మెట్టు కిందిది ఇవ్వాలి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి నేరుగా కథలో ఉన్నది, ఒకటి ఎందుకు అనేది, ఒకటి తర్వాత ఏమై ఉంటుందనేది. మర్నాడు అంతే కష్టమైన ఇంకో భాగాన్ని మీరే చదివి వినిపించి అలాంటి ప్రశ్నలే అడగండి. విని జవాబు చెప్పగలిగి, చదివి చెప్పలేకపోతే లోపం అక్షరాలు పట్టుకోవడంలో ఉంది. గుణింతాలు, ఒత్తుల దగ్గరికి వెనక్కి వెళ్లాలి. గడగడా చదివి, విన్నా చదివినా అర్థం చెప్పలేకపోతే లోపం పదసంపదలో, విషయ జ్ఞానంలో ఉంది. ఆ పిల్లవాడికి పెద్దలు రోజూ చదివి వినిపించడం, మాట్లాడటం కావాలి. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలను మాటలుగా మార్చడం, విన్న మాటను అర్థం చేసుకోవడం ఈ రెండింటి గుణకారమని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పారు. గుణకారంలో ఒకటి సున్నా అయితే లబ్ధం సున్నాయే కదా.

నిమిషానికి ఇన్ని పదాలు చదవాలనే పట్టికలు మీకు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. రెండో తరగతి చివరికి దాదాపు 100 అనేది అమెరికాలో ఇంగ్లిష్ పాఠాలకు వాడే మధ్యస్థ అంకె. దాన్ని తెలుగు చదువుకు పెట్టి బాబును కంగారు పెట్టకండి. 'వెళ్లిపోయాడనుకున్నాను' అనేది మనకు ఒకే పదం, ఇంగ్లిష్‌లో అది నాలుగైదు పదాల వాక్యం. పైగా మన లిపిలో గుణింతాలు, ఒత్తులు కలిసి గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి, అవి కుదురుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

మూడో తరగతి లెక్కల్లో కొత్తగా వచ్చేవి గుణకారం, భాగహారం, భిన్నాల పరిచయం. ఎక్కాలు చూసి చాలామంది పిల్లలు బెదిరిపోతారు. వాళ్లకు ఈ లెక్క చూపించండి. పది ఎక్కాల్లో 100 గడులు. 3 × 8, 8 × 3 ఒకటే కాబట్టి నేర్చుకోవాల్సినవి 55. అందులో 1, 2, 5, 10 ఎక్కాలు తేలిక, అవి తీసేస్తే 21. మూడు, నాలుగు ఎక్కాలు కూడా వచ్చేస్తే మిగిలేవి పదే: 6 × 6 నుంచి 9 × 9 వరకు. ఆ పదింటిని రోజుకు ఒకటి చొప్పున, గళ్ల కాగితం మీద, 6 × 7 అయితే ఆరు వరసలు, వరసకు ఏడు గడులు రంగు వేయించి నేర్పండి. వరసగా అప్పజెప్పడం ఒక్కటే అలవాటైన పిల్లవాడు 7 × 8 అడిగితే ఏడు ఒకట్ల ఏడు నుంచి మొదలుపెడతాడు. అందుకే మధ్యలోంచి అడగాలి. 56లో ఏడులు ఎన్ని అని తిప్పి కూడా అడగాలి. భాగహారానికి అదే దారి.

ఇంకొకటి కూడా చూడండి. 8 + 4 = □ + 5 అని రాసి గడిలో ఏం వస్తుందని అడగండి. 12 అనో 17 అనో రాస్తే, = గుర్తును 'జవాబు రాయి' అనే ఆజ్ఞగా అర్థం చేసుకున్నాడన్నమాట. రెండు వైపులా సమానం అనే అర్థం ఇప్పుడు రాకపోతే హైస్కూల్లో బీజగణితం మొదటి వారంలోనే అడ్డం పడుతుంది. త్రాసు బొమ్మ గీసి రెండు పళ్లాల్లోనూ పూసలు పెట్టిస్తే ఇది తొందరగానే సర్దుకుంటుంది.

నాలుగో తరగతిలో పెద్ద సంఖ్యలు, రెండంకెలతో గుణకారం, పొడవు భాగహారం, సమాన భిన్నాలు, చుట్టుకొలత, వైశాల్యం వస్తాయి. రెండు తప్పులు ఎక్కువగా కనిపిస్తాయి. 816ను 4తో భాగించి 204కు బదులు 24 రాయడం ఒకటి. మధ్యలో సున్నా పెట్టడం మర్చిపోతారు. భాగించే ముందే జవాబు సుమారు 200 ఉండాలని అంచనా చెప్పించే అలవాటు చేస్తే వాళ్లే పట్టుకుంటారు. రెండోది 6, 4 సెం.మీ. భుజాల దీర్ఘచతురస్రానికి చుట్టుకొలత 20 సెం.మీ., వైశాల్యం 24 చదరపు సెం.మీ. అనే తేడా తెలియకుండా సూత్రాలు కలిపేయడం. దారంతో చుట్టు కొలిచి, గడులతో లోపల నింపితే సూత్రం తర్వాత దానంతటదే వస్తుంది. భాషలో ఒక పేజీ చదివి మూడు వాక్యాల్లో సారం చెప్పడం ఈ తరగతిలో రావాలి.

ఐదో తరగతికి వచ్చేసరికి భిన్నాల కూడిక, తీసివేత, దశాంశాలు, గుణిజాలు, కారణాంకాలు, సమాచారాన్ని పట్టికగా, గ్రాఫుగా చూపడం ఉంటాయి. సైన్స్‌లో పరిశీలన నుంచి ప్రయోగానికి వెళ్తారు. మొక్కకు వెలుతురు అవసరమా అని చూడాలంటే రెండు కుండీలకూ ఒకే మట్టి, అంతే నీళ్లు, వెలుతురు మాత్రమే వేరు. చీకట్లో పెట్టిన కుండీకి నీళ్లు పోయడం మర్చిపోతే ఏ కారణంతో వాడిందో చెప్పలేమని పిల్లవాడే అనగలిగితే ఐదో తరగతి సైన్స్ వచ్చినట్టే.

భిన్నాల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. రాబర్ట్ సీగ్లర్ బృందం 2012లో అమెరికా, బ్రిటన్ పిల్లల సమాచారం పరిశీలించింది. 10-12 ఏళ్ల వయసులో భిన్నాలు, భాగహారం ఎంత బాగా వచ్చో, ఐదారేళ్ల తర్వాత హైస్కూల్లో బీజగణితం, మొత్తం గణితం అంత బాగా ఉన్నాయని తేలింది. కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల చదువు, పిల్లల తెలివితేటల తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలబడింది. 'నాకు మ్యాథ్స్ పడదు' అని పదో తరగతి తర్వాత కోర్సులు వదులుకునే పిల్లలను చూసి పెద్దలు అప్పటి సిలబస్‌ను తప్పుపడతారు. చాలాసార్లు తెగిన మెట్టు ఇక్కడ ఉంటుంది. 1/2 + 1/3 = 2/5 అని రాసిన పిల్లవాడిని 2/5 సగంకన్నా ఎక్కువా తక్కువా అని అడగండి. ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు మడిచి పోల్చమనండి. సగానికి ఇంకొంత కలిపితే సగంకన్నా తగ్గిందేమిటని వాడికే తోచాలి. ఆ తర్వాత ఆరు సమాన భాగాలు చేయించి 3/6, 2/6 కలిపితే 5/6 అని చూపిస్తే కలిపే ముందు రెండు హారాలూ (గీత కింది అంకెలు) ఎందుకు ఒకేలా ఉండాలో అర్థమవుతుంది. 0.4కన్నా 0.35 పెద్దదనుకోవడం కూడా ఇలాంటిదే. 35 పెద్దగా కనిపిస్తుంది కాబట్టి. 0.40 అని రాయించి పోల్పించండి.

ఇప్పుడు మీ బాబు సంగతి. మూడో తరగతి పుస్తకాలు తెరవడానికి ముందు మూడు నాలుగు వారాలు ఇచ్చి పైన చెప్పిన చదువు పరీక్ష, 52 - 27 పరీక్ష చేయండి. ఆగిన మెట్టు దగ్గర నుంచి రోజుకు పది నిమిషాలు లెక్కలు, ఇరవై నిమిషాలు చదవడం పెట్టండి. టీచర్‌ను కలిసినప్పుడు ఎన్ని మార్కులని కాకుండా, కొత్త పాఠం సొంతంగా చదవగలుగుతున్నాడా, తప్పులన్నీ ఒకే రకమా అని అడగండి. ఏడేళ్ల లోపు అక్షరాలు, అంకెలు తిప్పి రాయడం మామూలే. కానీ రెండేళ్లు క్రమంగా నేర్పినా గుణింతాలు కలవకపోయినా, నిన్న చదివిన పదం ఇవాళ కొత్తగా కనిపిస్తున్నా ముందు కంటి, వినికిడి పరీక్షలు చేయించి, ఆ తర్వాత డిస్‌లెక్సియా లాంటి అభ్యసన సమస్యలు పరీక్షించే నిపుణులకు చూపించండి. ఎదిగితే అదే వస్తుందని ఏళ్ల తరబడి ఆగవద్దు.

ఒలింపియాడ్ కోచింగ్ ఈ ఏడాది వద్దు. తీసివేతలో కట్ట విప్పడం రాని పిల్లవాడికి కఠినమైన లెక్కలు ఇస్తే కిటుకులు బట్టీ పడతాడు, తనకు తెలివి లేదనే నమ్మకం కూడా పట్టుకుంటుంది. కోడింగ్ విషయంలో అంత కచ్చితంగా వద్దనను. స్క్రాచ్ అనే ఉచిత ప్రోగ్రామింగ్ వేదికను ఎంఐటీ మీడియా ల్యాబ్ 8 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసమే తయారు చేసి 2007లో అందరికీ ఇచ్చింది. రంగురంగుల దిమ్మెలు జోడించి బొమ్మను నడిపించడమే అందులో పని. బాబుకు ఇష్టమైతే వారానికి ఒకటి రెండు గంటలు మీరు పక్కన కూర్చుని చేయించండి, ఫీజు కట్టి క్లాసులో చేర్చాల్సిన అవసరం లేదు. అందులోనూ వాడు సూచన చదివి అర్థం చేసుకోవాలి, బొమ్మ పది అడుగులు ఎన్నిసార్లు వేస్తే 60 అవుతుందో లెక్క కట్టాలి. నాలుగో తరగతి చివరికి చదవడం సాఫీగా ఉండి, పజిళ్లు ఇస్తే వదలకుండా కూర్చుంటున్నాడనిపిస్తే ఒలింపియాడ్ పాత ప్రశ్నపత్రం ఒకటి ఇంట్లోనే సమయం పెట్టకుండా ఇచ్చి, వాడికి ఆ లెక్కలు నచ్చుతున్నాయో లేదో చూసి అప్పుడు ఆలోచించండి.