వెండి రూపాయి ఫొటోలో రాజు ముఖం తెల్లబోతోందా?

తమ్ముడూ, 1918 రూపాయి ఫొటో తీస్తే జార్జి రాజు ముఖం తెల్లగా మెరిసిపోతోంది, పైగా ఫోన్ నీడ పడుతోంది అన్నావు కదా. ముందు ఫ్లాష్ ఆపెయ్. ఫోన్‌ని జానెడు ఎత్తున పట్టుకుని జూమ్ చెయ్, నీడ పోతుంది.

పర్లాకిమిడిలో మా ఇంట్లో నేను పొద్దున్నే ఉత్తరం కిటికీ పక్కన, ట్యూబులైటు ఆర్పేసి తీస్తాను. రెండు వెలుగులు కలిస్తే వెండి రంగు మారిపోతుంది. నాణేన్ని తెల్లకాగితం మీద పెట్టి మెల్లగా తిప్పుతూ చూడు. ఒక్కచోట రాజు వస్త్రం మీది బుల్లి ఏనుగు తొండంతో సహా తేలుతుంది. 1911 నాణెం మీద అది పందిలా ఉందని గొడవైతేనే మార్చారు, కాబట్టి ఆ తొండం స్పష్టంగా పడాలి.

చింతపండుతో మాత్రం తోమకు, నీకు దండం పెడతాను! ఆ పాత నల్లటి పొర పోతే మళ్లీ అలాంటిది రావడానికి ఏళ్లు పడుతుంది. మెరుపు ఇంకా ఎక్కువగా ఉంటే తెర మీద నాణేన్ని వేలితో తాకి వెలుగు తగ్గించు.