ట్రైనింగులు ఇన్ని పెడుతున్నా టీచర్లు ఎందుకు నేర్చుకోవట్లేదు?

ఏటా ఇన్ని ట్రైనింగులు పెడుతున్నా గవర్నమెంట్ టీచర్లకి కొత్తది నేర్చుకోవాలని ఎందుకుండదు అని అడిగారు కదా. నేను ఎస్జీటీని, అంటే ప్రైమరీ స్కూల్ టీచర్ని, మా బళ్ళో ఇద్దరం టీచర్లం, ఐదు క్లాసులు. ఇంట్రెస్ట్ లేనోళ్ళు మాలో లేరని అనను, ఏ డిపార్ట్‌మెంట్లో లేరు చెప్పండి, కానీ అసలు గొడవ వేరే ఉంది.

ట్రైనింగ్ ముందు రాష్ట్ర స్థాయిలో కొందరికి ఇస్తారు, వాళ్ళు జిల్లాకొచ్చి ఇంకొందరికి, వాళ్ళు మండలంలో మాకు, మా దాకా వచ్చేసరికి మిగిలేది పీపీటీ. మూడో తరగతి పిల్లలకి తీసివేతలు రావట్లేదు సార్ ఏం చెయ్యాలి అంటే "అది ఈ మాడ్యూల్లో లేదు మేడం" అన్న ఆర్పీని (ట్రైనింగ్ ఇచ్చే రిసోర్స్ పర్సన్ని) చూశాను. పాపం ఆయన్నని ఏం లాభం, ఆయనా మాలాంటి టీచరే, మొన్నటిదాకా ఆయన బళ్ళో పాఠం చెప్పుకుంటున్నాడు.

2020 అక్టోబర్‌లో నిష్ఠ (కేంద్రం టీచర్లకి పెట్టిన ట్రైనింగ్) ఆన్‌లైన్ మాడ్యూల్స్ 18 దీక్ష అనే యాప్‌లోకి వచ్చాయి, కొన్ని బాగానే ఉన్నాయి నిజంగా, కానీ ఎవరికి సర్టిఫికెట్ వచ్చింది ఎవరికి రాలేదు అని గ్రూపుల్లో లిస్టులు పడటం మొదలయ్యాక క్విజ్ జవాబులు కూడా అదే స్పీడులో తిరిగాయి. కొత్త విద్యా విధానం ఏడాదికి 50 గంటలు ట్రైనింగ్ అంటోంది, గంటలదేముంది ఎవరైనా లెక్కేస్తారు, క్లాసులోకొచ్చి చూసేదెవరు? ఇంక ఎస్జీటీ నుంచి స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్ట్ టీచర్) ప్రమోషన్ అంటే సీనియారిటీ, క్వాలిఫికేషన్, అంతే, బాగా చెప్తారా లేదా అన్నది అందులో ఎక్కడా రాదు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు రిటైర్మెంటుకి ఇంకా ఐదేళ్ళకి మించి టైం ఉండి, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) లేనివాళ్ళు రెండేళ్ళలో అది పాసవ్వాల్సిందే అన్నాక మాత్రం పెద్దవాళ్ళు కూడా పుస్తకాలు తీశారు. భయంతో చదువుతున్నారు, బిట్లు చదువుతున్నారు.

నాకు నిజంగా పనికొచ్చింది కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరం కలిసేది) టీ టైంలో దొరికింది. మా పిల్లలు 52లోంచి 38 తీసెయ్యమంటే 26 అని రాసేవాళ్ళు, అంటే 8లోంచి 2, 5లోంచి 3, ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది. పక్క ఊరి మేడం నోట్‌బుక్ చూసి "పుల్లలతో చేయిస్తే వస్తుందా?" అంది. వస్తుంది, కాగితం మీదే రాదు అన్నాను. అయితే పుల్లలూ కాగితమూ విడివిడిగా చేయించకు, పదుల కట్ట ఒకటి విప్పగానే అప్పుడే 5 కొట్టేసి 4 వేయించు, 2 కాస్తా 12 చేయించు, అప్పుడు తీసెయ్యమను అని చెప్పింది. రెండు వారాల్లో చాలామందికి 14 వచ్చేసింది. తర్వాత ఆవిడ భాగహారం గురించి నన్నడిగింది, ఇద్దరం ఇప్పటికీ నోట్‌బుక్ ఫోటోలు పంపుకుంటాం, ఎవరూ చెప్పలేదు, దానికి సర్టిఫికెట్టూ లేదు.

నన్నడిగితే కొత్త ట్రైనింగ్ ఏమీ వద్దు. ఆ మీటింగులో సగం టైం ఏ యాప్‌లో ఏం ఎంటర్ చెయ్యాలి అన్నదానికే పోతోంది, అది వాట్సాప్‌లో పెట్టేసి ఒక గంట మా పిల్లల నోట్‌బుక్‌లు ముందేసుకుని మాట్లాడుకోనిస్తే చాలు.