22 అంగుళాలు వద్దు, 19 చాలు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన ఫొటోలు చూశాను. నీవు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 2020 మోడల్ బీఎండబ్ల్యూ ఎక్స్5 టైర్లు నిజంగానే గుండుబారి ఉన్నాయి. నాలుగూ ఎలాగూ మార్చాలి కనుక, పనిలో పనిగా ఇప్పుడున్న 20 అంగుళాల చక్రాలు తీసేసి 22 అంగుళాలవి వేయిస్తే బండి అందం పెరుగుతుందని హైదరాబాదులో షాపువాళ్ళు చెప్పారని, నా అభిప్రాయం కావాలని అడిగావు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫయ్ ఏళ్ళు టైర్ల షాపు నడిపిన వాడిని కనుక నాన్చకుండా చెబుతున్నాను: 22 వద్దు, అసలు 20 కూడా వద్దు, 19కి దిగు. ఎందుకన్నది ఓపిగ్గా చదువు.

నీ బండికి ముందు 275/45 ఆర్ 20, వెనక 305/40 ఆర్ 20 టైర్లు ఉన్నాయి. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో ఎంత శాతం టైరు గోడ ఎత్తో చెబుతుంది, చివరిది రిమ్ము వ్యాసం. ఆ లెక్కన ఇప్పుడు నీ వెనక టైరు గోడ ఎత్తు 122 మిల్లీమీటర్లు. ఇదే మోడల్‌కు కంపెనీ ఇచ్చే 19 అంగుళాల కొలత నాలుగు చక్రాలకూ ఒకటే, 265/50 ఆర్ 19. దాని గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు దాటుతుంది. 22 అంగుళాలకు పోతే ముందు 275/35, వెనక 315/30 వేయాలి, అంటే గోడ ఎత్తు ముందు 96కు, వెనక 94కు పడిపోతుంది. 19కీ 22కూ మధ్య తేడా రెండు వేళ్ళ మందం. చూడటానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, గుంత అంచుకూ నీ రిమ్ముకూ మధ్య అడ్డుగా నిలిచేది ఆ రెండు వేళ్ళ గాలీ రబ్బరూ మాత్రమే.

ఒక వానాకాలం ఉదయం షాపు తెరుస్తుండగానే ఇలాంటి పెద్ద బండి ఒకటి లారీ మీద వచ్చింది. రాత్రి హైవే మీద నీళ్ళు నిండిన గుంత కనపడక, ఎడమవైపు చక్రాలు రెండూ అందులో దిగి లేచాయి. ముందు టైరు అక్కడికక్కడే చీలిపోయింది, 21 అంగుళాల రిమ్ము పెదవి లోపలికి మడిచిన అప్పడంలా వంగింది. వెనక టైరు బాగానే ఉంది కదా, ఒక్కటి మార్చి పంపేయమన్నాడు బండి యజమాని. నేను బండిని లిఫ్టు మీదికి ఎత్తించి, వెనక టైరు లోపలివైపు గోడను అరచేత్తో తడుముతూ వెళ్ళాను. ఒకచోట నిమ్మకాయంత బుడగ చేతికి తగిలింది. బుడగ వచ్చిందంటే లోపలి దారాలు తెగాయని, పైపొర రబ్బరు ఒక్కటే గాలిని ఆపుతోందని అర్థం. బయటివైపు అయితే ఎవరైనా చూస్తారు, లోపలివైపుది చెయ్యి పెట్టి తడిమితేనే దొరుకుతుంది. ఎంత పెద్ద గుంతలో పడినా ఇంటికి చేరాక నీవూ ఈ పని చెయ్యి, చేతికి మసి అంటుతుందని వెనకాడకు.

చక్రం చిన్నదైతే స్పీడోమీటరు తప్పు చూపిస్తుందేమోనని నీకు అనుమానం రావచ్చు. రిమ్ము తగ్గినంత మేర గోడ పెరుగుతుంది కనుక మొత్తం చక్రం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. ఇప్పటి ముందు టైరు మొత్తం వ్యాసం సుమారు 755 మిల్లీమీటర్లు, వెనకది 752, 19 అంగుళాలదాని వ్యాసం సుమారు 748. ఒక్క శాతం అటూ ఇటూ. ఏ కొలతకు మారినా ఈ లెక్క ముందు వేసుకోవాలి, మూడు శాతం దాటితే ఆ ఆలోచన మానుకోవాలి.

కొలత ఏదైనా, డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద కనిపించే స్టిక్కరులోనో, కంపెనీ పుస్తకంలోనో అది ఉండి తీరాలి. అందులో ఉన్న కొలతకు మారితే ఎంత గాలి కొట్టించాలో కూడా అక్కడే రాసి ఉంటుంది. లేని కొలత వేస్తే గాలి లెక్క షాపువాడి నోటిమాటే అవుతుంది. పైగా, కంపెనీ ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, రేపు ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు ముందుగా వేలు పెట్టేది కూడా అక్కడే.

రిమ్ములు కొనేటప్పుడు పీసీడీ అనే మాట వింటావు. బోల్టు రంధ్రాలన్నిటి మధ్యగా గీసిన వృత్తం వ్యాసం అది. నీ మోడల్‌కు, అంటే కంపెనీ జీ05 అని పిలిచే తరానికి, అయిదు బోల్టులు, 112 మిల్లీమీటర్లు. దీనికి ముందు వచ్చిన ఎక్స్5లన్నిటికీ అయిదు బోల్టులే గానీ 120 మిల్లీమీటర్లు. పేరు ఒకటే కదా అని పాత మోడల్ రిమ్ములు చవగ్గా కొనుక్కొచ్చిన ఒకాయన మా షాపులో నాలుగు గంటలు కూర్చుని, రంధ్రాలు కాస్త సాగదీసి బిగించమని బతిమాలాడు. నేను చెయ్యనన్నాను. మధ్య రంధ్రం కూడా హబ్బుకు, అంటే చక్రం తగిలించే ఇరుసు చివరకు, సరిగ్గా కూర్చోవాలి, నీ బండికి అది 66.6 మిల్లీమీటర్లు. ఇవి కుదిరినా ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు మధ్యగీతకూ హబ్బుకు ఆనే ముఖానికీ ఉండే దూరం, తప్పితే చక్రం లోపలికి పోయి సస్పెన్షన్‌కు రాసుకోవచ్చు, లేదా బయటికి పొడుచుకొచ్చి బేరింగుల మీద భారం వేయవచ్చు. చివరగా, టైరు ఎక్కించకముందే ఖాళీ రిమ్మును బండికి తగిలించి, చేత్తో తిప్పి, బ్రేకు కాలిపర్‌కు, అంటే డిస్కును నొక్కి పట్టే భాగానికి, తగలకుండా తిరుగుతోందో లేదో నీ కళ్ళతో చూడు. పెద్ద కాలిపర్లతో వచ్చే ఎమ్ స్పోర్ట్ బ్రేకులున్న బండికి ఇది మరీ ముఖ్యం. కంపెనీవాటిని చూసి అచ్చంగా చేసిన రెప్లికా రిమ్ముల జోలికి వెళ్ళకు, అదే కంపెనీ రిమ్ములు వాడినవి దొరికినా పగుళ్ళూ వంపులూ లేకపోతే అవే మేలు.

ఇక టైరు. కొలత తర్వాత ఉండే అంకె, అక్షరం చాలామంది చూడరు. 110 అంటే ఆ టైరు 1060 కిలోలు మోయగలదు, 106 అంటే 950 కిలోలే. కొలత అదే అయినా అంకె తగ్గిన టైరు చవగ్గా వస్తుందని ఎవరైనా చెబితే వినకు. నీది ఖాళీగానే రెండు టన్నులు దాటే బండి, సంక్రాంతికి పిల్లలతో, సామానుతో, అత్తయ్య ఇచ్చే పచ్చడి జాడీలతో నిండితే ఇంకెంత అవుతుందో లెక్క వేసుకో. అక్షరం వేగానికి సంబంధించినది: వీ అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300 కిలోమీటర్లు. నీవు అంత వేగంగా వెళ్ళవు, వెళ్ళకూడదు కూడా, అయినా కంపెనీ చెప్పిన అక్షరం కంటే దిగవద్దు, ఎందుకంటే ఆ అక్షరం పెరిగేకొద్దీ టైరు వేడిని తట్టుకునే శక్తి కూడా పెరుగుతుంది. మే నెలలో విజయవాడ దారి ఎలా కాలుతుందో నీకు చెప్పనక్కరలేదు.

టైరు గోడ మీద చిన్న నక్షత్రం గుర్తు ఉంటే అది బీఎండబ్ల్యూ బండ్ల కోసం ప్రత్యేకంగా చేయించినదని గుర్తు. మెర్సిడెస్‌కు ఎమ్ఓ, ఆడీకి ఏఓ అని ఉంటాయి. నక్షత్రం ఉన్నది దొరికితే సంతోషమే, దొరక్కపోతే కొంపేమీ మునగదు గానీ, నాలుగూ ఒకే కంపెనీ, ఒకే రకం కావడం మాత్రం తప్పనిసరి. నీది ఎక్స్‌డ్రైవ్, ముందూ వెనకా చక్రాలకు శక్తిని పంచే పెట్టె ఒకటి మధ్యలో ఉంటుంది. ఎనిమిది మిల్లీమీటర్ల కొత్త టైర్లు ఒకవైపు, మూడు మిల్లీమీటర్లకు అరిగినవి మరోవైపు వేస్తే వ్యాసంలో పది మిల్లీమీటర్ల తేడా వస్తుంది, ఆ తేడాను సర్దుకోలేక ఆ పెట్టె అదేపనిగా వేడెక్కుతుంది. రెండు టైర్ల డబ్బు మిగిలిందని సంబరపడినవాళ్ళు తర్వాత దానికి ఎంత కట్టారో నేను చూశాను.

19కి దిగమనడానికి నాకున్న రెండో కారణం కూడా ఇక్కడే ఉంది. ముందు ఒక వెడల్పు, వెనక ఒక వెడల్పు ఉంటే టైర్లను ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చుకోవడం కుదరదు. నాలుగూ ఒకే కొలతయితే ఎనిమిది పది వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చుకుంటూ పోవచ్చు, నాలుగూ సమంగా అరుగుతాయి. నీ పాత వెనక టైర్లు లోపలి అంచున ఎలా అరిగాయో ఫొటోలో కనిపిస్తూనే ఉంది.

రన్‌ఫ్లాట్ల సంగతి నీవే తేల్చుకోవాలి. గాలి పూర్తిగా పోయినా 80 కిలోమీటర్ల వేగం మించకుండా మరో 80 కిలోమీటర్లు వెళ్ళవచ్చన్నది వాటి గొప్ప, కోడలు ఒంటరిగా రాత్రిపూట నడిపేటట్లయితే ఆ ధైర్యం విలువైనది. కానీ గోడ గట్టిగా ఉంటుంది కనుక కుదుపు ఎక్కువ, గాలి లేకుండా నడిపిన తర్వాత దాన్ని మళ్ళీ నమ్మడం కష్టం. నేనైతే మామూలు టైర్లు వేయించి, డిక్కీలో స్టెప్నీ, చిన్న కంప్రెసర్ ఉంచుకుంటాను. నత్రజని గాలికి అదనంగా డబ్బు పెట్టకు, మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది.

2020 జూన్‌లో ప్రభుత్వం విదేశీ టైర్ల దిగుమతిని ఆంక్షల కిందికి తెచ్చిన తర్వాత ఇలాంటి పెద్ద కొలతలు అడిగిన వెంటనే దొరకడం తగ్గింది, ఎక్కడో నిలవ ఉన్న సరుకు బయటికి రావడం పెరిగింది. కనుక డబ్బు పంపకముందే తయారీ తేదీ ఫొటో అడుగు. గోడ మీద డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి, 3523 అంటే 2023లో 35వ వారం. ఏడాది లోపుది అయితే కళ్ళు మూసుకుని తీసుకో, రెండేళ్ళు దాటితే ఎంత తగ్గించినా వద్దను. నాలుగింటి తేదీలూ విడివిడిగా చూడు, మూడు కొత్తవి చూపించి ఒకటి పాతది కలిపేసే అలవాటు మా వ్యాపారంలో కొందరికి ఉంది. ఐఎస్ఐ గుర్తు లేని టైరును అసలే ముట్టుకోకు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడు. పాత టైరు ఊడదీసేవాడికి వాల్వు దగ్గర గాలి సెన్సారు ఉందని ముందే చెప్పు, లేకపోతే బీడింగ్‌ను, అంటే రిమ్మును పట్టుకునే టైరు అంచును, నొక్కే ఇనుప చెయ్యి దాన్ని పిండి చేస్తుంది. బోల్టులు గన్నుతో బిగించి వదిలేయనివ్వకు, చివరి బిగింపు టార్క్ రెంచితో 140 న్యూటన్ మీటర్లకు పెట్టించు, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూపించు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదేరోజు చేయించు. మొదటి మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు, కొత్త రబ్బరు మీద నునుపు పోయేదాకా పట్టు పూర్తిగా రాదు. గాలి ఎప్పుడు చూసినా తెల్లవారి, బండి కదలకముందు చూడాలి, హైవే మీద వేడెక్కిన టైరులో ఎక్కువ కనిపించింది కదా అని తీసేయకూడదు.

నీ పాత 20 అంగుళాల రిమ్ములను మాత్రం షాపువాడు ఎక్స్‌చేంజి ఇస్తానన్నా ఇవ్వకు. గుడ్డలో చుట్టి మా ఇంటి మేడ మీద గదిలో పెట్టు, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడు వాటినే అడుగుతాడు.

ఇట్లు,
మీ మామయ్య