తిరుమల ఘాట్‌లో తడబడని బండి భాకరాపేట మలుపులో గీత ఎందుకు దాటింది?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బండి కొని మూడు నెలలైంది, 150 సీసీ. తిరుమలకి నాలుగుసార్లు పోయొచ్చావు, ఎక్కడా తడబడలేదు. పోయిన ఆదివారం తలకోన పోతూ, తిరుపతి నుంచి మదనపల్లె పోయే దారిలో ఉన్న భాకరాపేట ఘాట్‌లో ఒక ఎడమ మలుపు దగ్గర బండి మధ్య గీత దాటి అవతలికి పోయింది, ఎదురుగా వచ్చే వ్యాను హారన్ కొట్టి పక్కకి తప్పుకుంది. టైర్లు మార్చాలా, బండిని ఇంకా వంచడం నేర్చుకోవాలా, వచ్చే వారం అమ్మను ఎక్కించుకుని అదే దారిలో మదనపల్లె పోవచ్చా అని అడిగావు.

చివరి దానికి ముందు జవాబు: ఈసారికి వద్దు.

నేను కొండ మీద అంగట్లో పనిచేస్తాను. పదహారేళ్లుగా పొద్దున అలిపిరి దగ్గర ఎక్కి, రాత్రిలోపు దిగుతున్నాను. తిరుపతిలో చాలామంది పిల్లలు మలుపులు నేర్చుకునేది ఆ ఘాట్ రోడ్డు మీదే. అక్కడే వస్తుంది చిక్కు. 1944లో తెరిచిన పాత ఘాట్ దిగడానికి మాత్రమే, తర్వాత వేసిన రెండో ఘాట్ ఎక్కడానికి మాత్రమే. అంటే మలుపు తిరగ్గానే ఎదురుగా బండి వస్తుందన్న ఆలోచనే మనకి రాదు. కాస్త అటు జరిగినా రోడ్డంతా మనదే. పైగా ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది. దాదాపు 19 కిలోమీటర్ల దారిని 40 నిమిషాల్లో దిగితే గంటకి సగటున 30 కిలోమీటర్లు కూడా రాదు. ఆ నియమం నీ వేగాన్ని పట్టి ఉంచింది, వన్ వే నీ తప్పుల్ని కనబడనీయలేదు. భాకరాపేటలో ఈ రెండూ లేవు. నీ టైర్లలో తప్పేమీ లేదు.

నాకూ సరిగ్గా అక్కడే జరిగింది. 2012లో పీలేరులో మా అత్తగారింటికి పోతున్నాను, ఒక్కణ్నే. ఎడమ చేతి పక్క కొండ, మలుపు అవతల ఏముందో కనబడదు. యాభైలో ఉన్నాను. సగం తిరిగాక తెలిసింది, మలుపు నేను అనుకున్న దానికంటే బిగువుగా ఉందని. అదే సమయానికి టమోటా క్రేట్ల లారీ ఎదురైంది. నా చూపు దాని ముందు బంపర్ మీద అతుక్కుపోయింది. బంపర్ మీద పసుపు రాసి బొట్లు పెట్టున్నారు, ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. దాన్ని చూసేకొద్దీ బండి దాని వైపే పోతోంది. ఆ డ్రైవరన్న లారీని తన ఎడమకి లాగి, ముందు చక్రం తారు దింపేశాడు. నా కుడి అద్దం లారీ బాడీకి కొట్టుకుని పగిలింది. కాస్త ముందుకి పోయి ఆపాను. తొడ మీద అద్దం పెంకులు, చేతులు క్లచ్ వదలడం లేదు. ఆయన ఆ పని చేయకపోతే ఇప్పుడు నీకు జవాబు రాసేవాణ్ని కాదు.

ఆ తర్వాతే కూర్చుని ఆలోచించాను. మనం ఎడమ పక్క నడిపేవాళ్లం కాబట్టి కుడి మలుపులో వేగం ఎక్కువైతే రోడ్డు పక్క మట్టిలోకో పిట్టగోడ మీదికో పోతాం, ఎడమ మలుపులో ఎక్కువైతే నేరుగా ఎదుటి బండి మీదికి పోతాం. అందుకే కనబడని ఎడమ మలుపంటే నాకు ఇప్పటికీ భయమే, ఆ భయం ఉండాలి కూడా. వేగం ఇరవై అయిదు నుంచి యాభై అయితే బండిని బయటికి లాగే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. బ్రేకు పట్టాక ఆగే దూరమూ దాదాపు అంతే. ‘కొంచెమే కదా పెంచాను’ అన్న లెక్క మలుపులో చెల్లదు.

కాబట్టి బ్రేకు మలుపుకి ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేయాలి. గేరు కూడా అక్కడే తగ్గించాలి. లోపలికి పోయాక చేతికి చేయాల్సిన పని ఒక్కటే: యాక్సిలరేటర్ సన్నగా, ఒకే తీరుగా పట్టుకోవడం. టైరుకి ఉండే పట్టు కొంతే. తిరగడానికి అది ఖర్చవుతున్నప్పుడు గట్టిగా ముందు బ్రేకు పట్టావంటే జారిపోతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి కాబట్టి నీ బండికీ ఉంటుంది. కానీ బండి వంగి ఉన్నప్పుడు కూడా అదే కాపాడుతుందని నమ్ముకోవద్దు.

మలుపుకి ముందు వేగం ఎంత ఉండాలో స్పీడోమీటర్ చెప్పదు, రోడ్డే చెప్తుంది. మలుపులో రోడ్డు రెండు అంచులూ ఒకచోట కలిసినట్టు కనబడుతుంది చూడు, చూపు ఆ చోట పెట్టు. నువ్వు ముందుకు పోయేకొద్దీ అది కూడా దూరం జరుగుతుంటే మలుపు విప్పుకుంటోందని అర్థం. జరగకుండా అక్కడే నిలబడి నీ దగ్గరికి వస్తున్నట్టుంటే మలుపు ఇంకా బిగుస్తోంది, వేగం చాలా ఎక్కువైనట్టే. కనబడే దూరంలోపల బండిని ఆపగలవా? ఆపగలిగితేనే ఆ వేగం నీది.

చూపు సంగతి ఇంకోసారి చెప్తాను, ప్రాణం దాని మీదే ఉంది. గుంతని చూస్తే గుంతలో పడతావు, లారీని చూస్తే లారీ మీదికి పోతావు. గడ్డం తిప్పి, పోవాల్సిన చోటుని చూడు. ఒకవేళ వేగంగా దూరిపోయావు, బ్రేకుకి చోటు లేదు, అప్పుడు బండిని ఇంకాస్త వంచాల్సిందే. ఎడమకి తిరగాలంటే ఎడమ చేతి గ్రిప్‌ని ముందుకి నెట్టు. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ కాస్త వేగంలో బండి అట్లానే వంగుతుంది. భయంతో మనం ఆగిపోయే చోటు కంటే బండి ఇంకా చాలా వంగగలదు. నువ్వు వంచడం గురించి అడిగావు కదా, దాని అవసరం ఇంతవరకే. మోకాలు నేలకి తాకించే విద్య ఘాట్ రోడ్డుకి కాదు.

ఇదంతా చదివితే రాదు. ఊరి బయట ఇళ్లు కట్టని లేఅవుట్లు బోలెడున్నాయి. అడిగి, పొద్దున ఆరుకి పో. నేను టెంకాయ చిప్పలు వరసగా పెట్టి నేర్చుకున్నాను. ముందు ఇరవైలో వాటి మధ్య పాములా తిప్పడం, గ్రిప్‌ని నెట్టడం చేతికి అలవాటయ్యేదాకా. తర్వాత నలభై నుంచి రెండు బ్రేకులూ కలిపి వేసి ఎంత దూరంలో ఆగుతుందో అడుగులు లెక్కపెట్టుకోవడం. మొదటిరోజు నాకు వచ్చిన దూరం చూసి గుండె ఝల్లుమంది. హెల్మెట్ సరే, చేతులకి గ్లౌజులు, కాలికి బూట్లు కూడా వేసుకో. పడేటప్పుడు ముందు నేలకి ఆనేది అరచెయ్యే.

లేన్‌లో ఎక్కడుండాలంటే, ఎడమ మలుపుకి ముందు నీ లేన్‌లోనే కొంచెం కుడికి ఉంటే ఎక్కువ దూరం కనబడుతుంది. కానీ ఎదురుగా బస్సో లారీయో కనబడగానే లోపలికి వచ్చేయ్, పెద్ద బండ్లు గీత మీదికి వస్తాయి. కుడి మలుపులో టైరు గీతకి ఇవతలే ఉన్నా వంగిన నీ తల అవతలి వాళ్ల దారిలో ఉంటుంది. ఇది చాలామందికి తట్టదు. మలుపుల్లో ఇసుక, ఆకులు, లారీల నుంచి కారిన నూనె ఉంటాయి, తొలి వాన పడిన వెంటనే మరీ జారుడు. దిగేటప్పుడు న్యూట్రల్ వద్దే వద్దు, క్లచ్ పట్టుకుని జారవద్దు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి.

ఇక అమ్మ సంగతి. వెనక మనిషి కూర్చుంటే బండి ఆగే దూరం పెరుగుతుంది, తిరగడంలో బరువు తెలుస్తుంది. అమ్మ చీరతో ఒక పక్కకే కూర్చుంటే బరువంతా ఎడమకి లాగుతుంది, భయమేసి ఆమె అటో ఇటో కదిలితే ఆ కదలిక నీ హ్యాండిల్‌కి వస్తుంది. మూడు నెలల చేతికి ఇది చాలా ఎక్కువ. ముందు నీ అంత బరువున్న స్నేహితుణ్ని ఎక్కించుకుని, వెనక టైరులో ఇద్దరికి చెప్పినంత గాలి పట్టించి, చంద్రగిరి దాకా నాలుగుసార్లు తిరుగు.

వచ్చే వారానికి అమ్మను మదనపల్లె ఆర్టీసీ బస్సు ఎక్కించు. నీకు బండి మీదే పోవాలని ఉంటే ముందురోజు వెలుతురులో ఒక్కడివే బయల్దేరు, ఆ ఎడమ మలుపుని ముప్పైలో దాటు. మర్నాడు అమ్మను బస్టాండు నుంచి ఇంటికి తీసుకుపో.