ఫైలు తెరిచే ముందు ఇది చదువుకో

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రోగ్రాం చూశాను. లెక్కలన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి తొందరపడ్డావు. పైథాన్‌లో చదవడానికైనా రాయడానికైనా ఓపెన్ అనే ఒకే ఫంక్షన్ కదా, అందుకని రెండూ ఒకే రకం పనిలా అనిపిస్తాయి. చదివేటప్పుడు తప్పు చేస్తే మహా అయితే ఎర్రర్ వస్తుంది, సరిదిద్దుకుంటావు. రాసేటప్పుడు తప్పు చేస్తే ఉన్నది కాస్తా పోతుంది. అందుకే ఈ ఉత్తరం చాలావరకు రాయడం గురించే.

నువ్వు పాత జాబితాను 'డబ్ల్యూ' మోడ్‌లో, అంటే మొదటినుంచీ కొత్తగా రాసే పద్ధతిలో తెరిచి, ఆ తర్వాత సగటులు కట్టి, చివర్న రాస్తున్నావు. రైట్ (రాయమనే ఆదేశం) అనేదాకా పాత ఫైలు భద్రంగా ఉంటుందనుకున్నావేమో. 'డబ్ల్యూ'తో ఓపెన్ అన్న క్షణానే అది ఖాళీ అయిపోతుంది. సగటు కట్టేచోట సున్నాతో భాగహారం తగిలి ప్రోగ్రాం ఆగిందనుకో, నీకు మిగిలేది సున్నా బైట్ల ఫైలు. కాబట్టి ముందు లెక్కంతా ముగించు, రాయాల్సింది చేతిలో పెట్టుకో, అప్పుడు తెరువు. ఉన్నదానికి కింద చేర్చడమే అయితే 'ఏ' మోడ్ చాలు. అదే పేరుతో ఫైలుంటే ముట్టుకోకూడదు అనుకున్నప్పుడు 'ఎక్స్' మోడ్ వాడు. పాతది కనిపించగానే ఫైల్‌ఎగ్జిస్ట్స్‌ఎర్రర్ అని ఆగిపోతుంది. పైథాన్ 3.3 వెర్షన్ నుంచీ ఉంది గానీ, వాడినవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తారు.

ఫైలు తెరిచేచోట విత్ వాడావు, సంతోషం. మధ్యలో ఎర్రర్ వచ్చినా అది ఫైలును మూసేస్తుంది. మూస్తుందే తప్ప, పోయిన పాత వివరాలను వెనక్కి తేదు.

ఇక నిజంగా విలువైన ఫైలైతే ఇంతటితో ఆగకు. రాస్తుండగా డిస్కు నిండవచ్చు, కరెంటు పోవచ్చు. అలాంటప్పుడు అసలు ఫైలు జోలికే పోకుండా, అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో తాత్కాలిక ఫైలు రాసి, దాన్ని మూసి, ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్ ఫంక్షన్‌తో అసలు పేరు పెట్టు. లినక్స్‌లో ఈ పేరు మార్పు ఒక్క దెబ్బలో జరుగుతుంది. ఆ సమయంలో ఇంకో ప్రోగ్రాం ఫైలు తెరిచినా, దానికి పాతదో కొత్తదో పూర్తిగా దొరుకుతుంది, సగం రాసినది చేతికి రాదు. అదే ఫోల్డర్ అని నొక్కి చెప్పడానికి కారణముంది: తాత్కాలిక ఫైలు వేరే డిస్కులో ఉంటే రీప్లేస్ విఫలం కావచ్చు.

కరెంటు భయం కూడా ఉంటే మూసే ముందు ఫ్లష్, ఆ వెంటనే ఎఫ్‌సింక్ చెయ్యి. రైట్ అనగానే అక్షరాలు డిస్కుకు చేరిపోవు. ఉత్తరం రాసి జేబులో పెట్టుకుంటే పోస్టు చేసినట్టు కాదుగా! అవి ముందు పైథాన్ బఫర్‌లో, అంటే మెమరీలోని తాత్కాలిక చోటులో ఉంటాయి. ఫ్లష్ వాటిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది, ఎఫ్‌సింక్ డిస్కు మీదికి పంపమని పట్టుబడుతుంది. ఇది పనిని నెమ్మది చేస్తుంది కాబట్టి ప్రతి చిన్న లాగ్ ఫైలుకూ అక్కర్లేదు.

నీ జాబితాలో తెలుగు పేర్లున్నాయి కాబట్టి ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) సంగతీ చెప్పాలి. నువ్వది రాయకపోతే 3.14 దాకా పైథాన్ ఆ మెషిన్ లొకేల్‌ను, అంటే భాష, ప్రాంతం అమరికలను బట్టి తానే ఏదో ఒకటి ఎంచుకుంటుంది. లినక్స్‌లో సాధారణంగా యూటీఎఫ్-8, చాలా విండోస్ మెషిన్లలో సీపీ1252 అనే పాశ్చాత్య భాషల ఎన్‌కోడింగ్. 3.15 నుంచి అన్నిచోట్లా యూటీఎఫ్-8 అని నిర్ణయించారు గానీ, నీ ప్రోగ్రాం ఏ పాత వెర్షన్ మీద నడుస్తుందో ఎవరు చూశారు? యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు (అక్షరానికో, గుణింతం గుర్తుకో ఉండే సంకేతానికి) 3 బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటకు 6 కోడ్ పాయింట్లు, 18 బైట్లు. సీపీ1252లో వాటికి చోటే లేదు. రాయబోతే యూనికోడ్‌ఎన్‌కోడ్‌ఎర్రర్ వస్తుంది, అప్పటికే 'డబ్ల్యూ' తన పని కానిచ్చేసి ఉంటుంది. అందుకే ప్రతి ఓపెన్‌లోనూ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాసెయ్యి. ఎర్రర్ నోరు మూయించడానికి ఎర్రర్స్ దగ్గర 'ఇగ్నోర్' పెట్టమని ఎవరైనా చెబితే వినకు. అర్థంకాని బైట్లను అది చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. అలా చదివినదాన్ని మళ్లీ అదే ఫైల్లో రాస్తే ఆ అక్షరాలు ఇక దొరకవు.

చదవడం గురించి రెండు ముక్కలు. రీడ్ అంటే ఫైలు మొత్తం మెమరీలోకి వచ్చేస్తుంది. పెద్ద ఫైలైతే ఫర్ లూప్‌తో ఒక్కో లైనే తీసుకో. ఉట్టి ఫైలు పేరు ఇస్తే పైథాన్ వెతికేది ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లో అనుకోకు, నువ్వు ఏ ఫోల్డర్‌లో నుంచి నడిపావో అక్కడ వెతుకుతుంది. నీకు వచ్చిన ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ బహుశా అదే.

ఇవన్నీ మార్చాక ఒక పరీక్ష చెయ్యి. తాత్కాలిక ఫైలు సగం రాశాక కావాలనే ఒక ఎర్రర్ పుట్టించి నడుపు. పాత జాబితా చెక్కుచెదరకుండా ఉంటే అప్పుడు నాకు పంపు. నకలు మీద చెయ్యి సుమా, అసలు ఫైలు మీద వద్దు.

నీ బాబాయ్