వీధి దీపానికి బండి ప్లగ్ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు, మూడో అంతస్తు. ఎలక్ట్రిక్ స్కూటర్ కొని ఆరు నెలలైంది. రాత్రిళ్లు బాల్కనీలోంచి కిందికి ఎక్స్‌టెన్షన్ వైరు వదిలి ఛార్జింగ్ పెడుతున్నాం. వానొస్తే ఒకటే టెన్షన్. లండన్‌లో ఉండే మా తమ్ముడు వీధి దీపం స్తంభానికి కారు ప్లగ్ పెట్టిన ఫొటో పంపాడు. మా గేటు ముందే అలాంటి స్తంభం ఉంది. మనకెందుకు పెట్టరండీ?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ వైరు ఈ రాత్రికే తీసేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు వెస్ట్‌మిన్‌స్టర్‌లోని సదర్లాండ్ అవెన్యూ చూడటానికి పనిగట్టుకుని వెళ్లాను. 2020లో సీమెన్స్, యుబిట్రిసిటీ కంపెనీలు ఆ ఒక్క వీధిలోనే 24 దీప స్తంభాలకు ఛార్జింగ్ పాయింట్లు పెట్టాయి. ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాల మధ్యే ఉద్యోగం చేసినవాణ్ణి. అందుకే కార్ల దగ్గరకంటే స్తంభం అడుగునున్న చిన్న తలుపు దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. అసలు సంగతి అక్కడే ఉంది.

అక్కడ మామూలుగా భూమిలో పోయే మెయిన్ కేబుల్ నుంచే స్తంభానికి కనెక్షన్ ఇస్తారు. ఆ తలుపు వెనకాల ఫ్యూజు ఉంటుంది. పగలు దీపం ఆరేది పైనున్న సెన్సార్ వల్ల. అడుగున మాత్రం 24 గంటలూ కరెంటు ఉంటుంది. మన దగ్గర మూడు ఫేజులు (ఎప్పుడూ కరెంటు ఉండే తీగలు), న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) కాక వీధి దీపాలకు విడిగా ఒక తీగ లాగుతాం. సాయంత్రం స్విచ్ బాక్సు ఆన్ అయితేనే అందులోకి కరెంటు వస్తుంది, తెల్లారితే పోతుంది. పైగా ఆ తీగ, ఆ బాక్సు దీపాల లోడుకు లెక్కగట్టి పెట్టినవి. నాలుగు కార్లు తగిలిస్తే వీధంతా చీకటే.

ఎల్‌ఈడీలు వచ్చాక మిగిలిన కరెంటు చాలదా అని చాలామంది అడుగుతారు. 250 వాట్ల సోడియం దీపం తీసి 100 వాట్ల ఎల్‌ఈడీ పెడితే మిగిలేది 150 వాట్లు. లండన్ స్తంభం కారుకిచ్చేది సుమారు 5 కిలోవాట్లు. దానికీ దీనికీ పోలికెక్కడ! ఆ 5 కిలోవాట్లతో కూడా 50 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే పది గంటలు పడుతుంది. అక్కడి వరస ఇళ్లకు చాలావాటికి సొంత పార్కింగ్ ఉండదు, కారు రాత్రంతా రోడ్డు మీదే ఆగుతుంది కాబట్టి సరిపోతోంది.

మీకు కావలసింది అంత కాదు. మీ స్కూటర్ బ్యాటరీ మూడు యూనిట్లదనుకుందాం. 750 వాట్ల ఛార్జర్‌తో నాలుగైదు గంటల్లో నిండుతుంది. ఇస్త్రీ పెట్టె ఇంతకంటే ఎక్కువ లాగుతుంది. ఇలాంటి చిన్న బండ్ల ఛార్జింగ్ పాయింట్లకు 2021లోనే మన దేశంలో ప్రమాణాలు కూడా వచ్చాయి. కాబట్టి మీ గేటు ముందు స్తంభానికి పాయింట్ పెట్టొచ్చు. కాకపోతే దీపాల తీగకు కాదు. ఫేజు నుంచి వేరే సర్వీసు వైరు దింపి, దానికో మీటరు, మంచి ఎర్తింగ్ ఉండాలి. కాలనీ సంఘం తరఫున అలాగే రాసి అడగండి.

ఎర్తింగ్ మాట ఊరికే అనడం లేదు. పశ్చిమ గోదావరిలో పనిచేసేటప్పుడు ఒక జూలై వానలో స్తంభానికి కట్టిన గేదె షాక్ కొట్టి చచ్చిపోయింది. వెళ్లి చూస్తే ఎర్త్ తీగ తెగి ఉంది. అంతకు గంట ముందు పిల్లలు అక్కడే ఆడుకున్నారట. ఇనుప స్తంభానికి ప్లగ్ అనగానే నాకు ఇప్పటికీ ఆ వానే గుర్తొస్తుంది.

స్తంభం వచ్చేదాకా మీరు ఆగక్కర్లేదు. మీ మీటరు కింది అంతస్తులో గోడకే ఉండి ఉంటుంది. అక్కణ్నుంచి మూడు కోర్ల కేబుల్ లాగి, వాన పడని చోట 16 ఆంప్స్ సాకెట్, దానికి విడిగా ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఓనర్ వద్దంటే ‘ఆ మీటరు మా ఇంటిదే, బిల్లు మాకే వస్తుంది’ అని చెప్పండి. ఇన్నాళ్లూ బాల్కనీ నుంచి వేలాడదీసిన వైరు కూడా ఒకసారి చూపించండి, ఒప్పుకుంటారు.