ఎందుకు వెళ్తున్నావని కాకుండా, ఎక్కడ ఆగుతావని అడగండి

మీ తమ్ముడు ఒంటరిగా పెద్ద పర్వతయాత్రకు సిద్ధమవుతున్నాడని, ఎందుకని అడిగితే "వెళ్లాలనిపిస్తోంది" అని తప్ప ఇంకేమీ చెప్పడం లేదని రాశారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉండటం సహజమే. కానీ ఆ జవాబును దాటవేతగా తీసుకోకండి. 1923లో ఎవరెస్ట్ ఎందుకు ఎక్కాలని అడిగితే బ్రిటిష్ పర్వతారోహకుడు జార్జ్ మాలరీ, అది అక్కడ ఉంది కాబట్టి అన్నాడు. మరుసటి ఏడాది అక్కడే చనిపోయాడు.

కారణం స్పష్టంగా తెలిసినవాళ్లూ ఉన్నారు. హ్యుయాన్‌త్సాంగ్ బౌద్ధ గ్రంథాల కోసం చైనా నుంచి బయలుదేరాడు. ఎడారిలో నీళ్ల సంచి జారి, ఉన్న నీళ్లన్నీ ఇసుకపాలయ్యాయి. కాస్త వెనక్కి నడిచి, మళ్లీ పడమరకే తిరిగాడు. మాగెల్లాన్ ఓడలను నడిపించింది మాత్రం ప్రధానంగా సుగంధ ద్రవ్యాల లాభం. డబ్బు, భక్తి, పేరు, తనను తాను పరీక్షించుకోవాలనే తపన, చాలామందిలో ఇవన్నీ కలగలిసే ఉంటాయి. విడదీసి చెప్పమంటే వాళ్లకే చేతకాదు.

నన్నడిగితే అసలు చూడాల్సింది ధ్రువ యాత్రికుడు షాకిల్టన్‌ను. 1909 జనవరిలో దక్షిణ ధ్రువం ఇంకా సుమారు 180 కిలోమీటర్లు ఉందనగా, తిండి చాలదని లెక్కేసుకుని వెనుదిరిగాడు. అతనూ, వెంట ఉన్న ముగ్గురూ బతికారు. కోరిక తక్కువై కాదు, హద్దు తెలిసి.

కాబట్టి తమ్ముడితో వాదించకండి. వాతావరణం చెడినా, తలనొప్పి, వాంతులు మొదలైనా ఏ దశలో దిగిపోతాడో బయలుదేరకముందే రాసిమ్మనండి. ఒంటరిగా కాకుండా గైడ్‌తో వెళ్లమని గట్టిగా పట్టుబట్టండి. ఆ మాట మాత్రం వదలొద్దు.